పాపకి జర్మనీలో కాగితాల పనులు ఎవరు చూస్తారని అడిగిన చిత్తూరు నాన్నకి

చిత్తూరు నుంచి ఒకాయన రాశారు. కూతురు తిరుపతిలో బీటెక్ ఈసీఈ అయిపోయిందంట, జర్మనీలో మాస్టర్స్ చేస్తానంటోందంట. ఫీజు లేదు కాబట్టి ఇంట్లో అందరికీ ఇష్టమే, కానీ అక్కడ దిగాక అడ్రస్ రిజిస్ట్రేషన్, బ్యాంకు, ఇన్సూరెన్స్, రెసిడెన్స్ పర్మిట్ ఇవన్నీ ఒక్కతే ఎట్లా చేసుకుంటుంది, ఒక కన్సల్టెన్సీ వాళ్ళు అన్నీ మేమే చూసుకుంటామని ప్యాకేజీ చెప్తున్నారు తీసుకోమంటారా, లేకపోతే బంధువులున్న అమెరికాకే పంపితే మేలా, రెండిటికీ తేడా చెప్పండి మేడమ్ అని.

అన్నా, ఈ ప్రశ్న నాకు ప్రతి ఏడూ వస్తుంది, దేశం పేరు ఒక్కటే మారుతుంది. మీరు అడిగింది కాగితాల గురించే కానీ మీ భయం వాటి గురించి కాదు. పాప ఇంతవరకు ఒక్క ఆఫీసు పని కూడా సొంతంగా చేసి ఉండదు. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు మీరే పెట్టుంటారు, కాలేజీ ఫీజు మీరే కట్టుంటారు, బ్యాంకులో సంతకం ఎక్కడ పెట్టాలో కూడా మీరే వేలు పెట్టి చూపించుంటారు. బిడ్డకి ఓటు హక్కు వచ్చి మూడు నాలుగేళ్ళయినా ఓటీపీ మాత్రం ఇంకా నాన్న ఫోన్‌కే వస్తుంది. కోప్పడొద్దు, మీరొక్కరే కాదు, మన జిల్లాలో సగం ఇళ్ళు ఇట్లానే ఉన్నాయి. ఇన్నాళ్ళూ మీరే అన్నీ చేసిపెట్టి ఇప్పుడు పిల్లకి ఏమీ తెలీదంటే ఎట్లా?

అక్కడి పనులు కష్టమైనవి కావు, వరస తప్పితేనే తలనొప్పి. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో అడ్రస్ రిజిస్టర్ చేయించుకోవాలి, అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన లెటర్ కావాలి. అది అయితేనే ట్యాక్స్ ఐడీ పోస్టులో వస్తుంది, రెసిడెన్స్ పర్మిట్‌కి కూడా ఆ కాగితం అడుగుతారు. అంటే అన్నిటికీ మొదలు రూమే. మ్యూనిక్ లాంటి ఊళ్ళలో ఆ రూమే దొరకదు, అందుకే అడ్మిషన్ వచ్చిన రోజే హాస్టల్ వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకోవాలి. ఇల్లు చూపించకుండా ముందు డిపాజిట్ పంపమనేవాడు ఎవడైనా సరే, రూపాయి పంపొద్దు. ఇంకోటి, అక్కడ పోస్ట్‌బాక్స్ మీద మన పేరు అతికించకపోతే ఉత్తరం వెనక్కి వెళ్ళిపోతుంది, ముఖ్యమైనవన్నీ ఉత్తరాల్లోనే వస్తాయి.

పేరు అంటే గుర్తొచ్చింది, మన తెలుగు పిల్లలకి అసలు చిక్కు ఇక్కడే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి ఉత్త ఇనీషియలే, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసుంటారు, బీటెక్ మొత్తం మార్కుల మెమో (సీఎమ్ఎమ్)లో ఇంకో స్పెల్లింగ్. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు, అక్కడ మాత్రం ప్రతి కౌంటర్‌లో ఫ్యామిలీ నేమ్ ఏది అని అడుగుతారు. తేడా ఉంటే పాస్‌పోర్ట్ రీఇష్యూకి తిరుపతి సేవా కేంద్రంలోనే స్లాట్ పెట్టుకోవచ్చు, ఇప్పుడే పెట్టండి, అంటే పాపని పెట్టమనండి. ఒరిజినల్ డిగ్రీ (ఓడీ) కోసం అనంతపురం జేఎన్‌టీయూకి అప్లై చేయడం కూడా ఆమే చేయాలి. జర్మనీ స్టూడెంట్ వీసాకి మన సర్టిఫికెట్లు వెరిఫై చేసే ఏపీఎస్ 2022 నవంబర్ నుంచి తప్పనిసరి, ఫీజు 18,000 రూపాయలు. ఇవి మూడూ సొంతంగా చేసుకున్న పిల్ల అక్కడ అన్‌మెల్డుంగ్‌కి బెదరదు, నేను చాలామందిని చూశాను.

ఇప్పుడు మీరు అడగనిది ఒకటి చెప్పాలి. జర్మనీ ఫ్రీ అని అందరూ ఎగబడుతున్నారు కదా, నాకు ఆ మాట మీద చాలా అనుమానాలున్నాయి. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, నిజమే. కానీ బాడెన్ వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనలాంటి వాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024 వింటర్ నుంచి మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000 దాకా తీసుకుంటోంది. అక్కడి ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్‌లో వీసా కోసం ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, యూరో వంద రూపాయలనుకున్నా 12 లక్షల దగ్గర, అది నెలకి 992 చొప్పున పాపకే వస్తుంది. ఆ డబ్బు మేం చూపిస్తాం, వడ్డీ కట్టండి చాలు అనే వాళ్ళు మన తిరుపతిలోనూ ఉన్నారు. వద్దే వద్దు, అక్కడ దిగాక పాప తినేది ఆ డబ్బుతోనే.

దానికంటే పెద్ద అనుమానం ఉద్యోగం. ఈసీఈ పిల్లలందరూ కార్ల కంపెనీలే అనుకుని వెళ్తున్నారు, ఫోక్స్‌వాగనే 2030కల్లా 35,000 పైగా ఉద్యోగాలు తగ్గించడానికి 2024 డిసెంబర్‌లో యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. కోర్సు ఇంగ్లీషులో ఉన్నా ఇంటర్వ్యూ చాలాచోట్ల జర్మన్‌లోనే. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలలు ఇస్తారు, భాష రాకుండా ఆ 18 నెలలు ఇట్టే అయిపోతాయి. జర్మన్‌లో మొదటి మెట్టు ఏ1 సర్టిఫికెట్ పట్టుకుని నేర్చేసుకున్నాం అనుకుంటారు, కనీసం మూడో మెట్టు బీ1 వచ్చేదాకా దాన్ని నేర్చుకోవడం అనను నేను. వెళ్ళొద్దని కాదు, ఫ్రీ అనే ఒక్క కారణంతో వెళ్ళొద్దు.

ప్యాకేజీ సంగతి. ప్రభుత్వ యూనివర్సిటీలు కన్సల్టెన్సీలకి కమీషన్ ఇవ్వవు, ప్రైవేటువి ఇస్తాయి. వాళ్ళు ఏ కాలేజీ పేరు ముందు చెప్తున్నారో చూడండి, మీకే అర్థమవుతుంది. ఎందుకు చదవాలనుకుంటోందో రాసే ఎస్ఓపీ ఎవరితోనైనా దిద్దించుకోండి, అంతవరకు సరే. రేపు అక్కడ కౌంటర్ ముందు కూర్చునేది మాత్రం పాపే, ఏజెంట్ కాదు.

అమెరికాతో పోలిక అడిగారు, కాగితాల వరకే అయితే అమెరికానే సులువు. ఊరి ఆఫీసులో రిజిస్ట్రేషన్ లేదు, వీసా రికార్డు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసే చూస్తుంది, పని దొరికితేనే సోషల్ సెక్యూరిటీ నంబర్ (ఎస్ఎస్ఎన్). చదువు అయ్యాక పని చేసుకునే ఓపీటీ 12 నెలలు, సైన్స్, ఇంజనీరింగ్ లాంటి స్టెమ్ కోర్సుకి ఇంకో 24 కలుస్తుంది, తర్వాత ఉద్యోగ వీసా హెచ్‌1బీకి లాటరీ. ఖర్చు మీకు తెలిసిందే. బంధువులు ఉన్నారని మాత్రం దేశం ఎంచుకోవద్దు, వాళ్ళ ఊరు ఒకటి, పాప కాలేజీ ఇంకో రాష్ట్రం అవుతుంది.

పాప చేసుకోగలదు అన్నా, భయపడొద్దు. ఈ వారం ఏపీఎస్ అకౌంట్ ఓపెన్ చేయమనండి, మెయిల్ ఐడీ ఆమెది, ఫోన్ నంబర్ ఆమెది, పాస్‌వర్డ్ మీకు చెప్పక్కర్లేదు.