బోరాన్ నైట్రైడ్ నానోట్యూబ్ మంచి గ్యాస్ సెన్సార్ అవుతుందో లేదో డీఎఫ్‌టీ (ఎలక్ట్రాన్ల తీరును కంప్యూటర్‌లో అంచనా వేసే పద్ధతి) లెక్కలతోనే తేల్చేయొచ్చా?

తేల్చలేరండి. నా రీసెర్చ్ అంతా ఈ లెక్కల మీదే, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా. "గ్యాస్ తగలగానే హోమో-లూమో గ్యాప్ తగ్గింది, కాబట్టి సెన్సార్" అనే పేపర్లను నేను నమ్మను. ఈ గ్యాప్ అంటే ఎలక్ట్రాన్లు నిండిన చివరి మెట్టుకీ, ఖాళీగా ఉన్న మొదటి మెట్టుకీ మధ్య ఎనర్జీ తేడా. గ్యాప్ 5.5 ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి 4కి దిగితే మాత్రం ఏమైంది? గది వేడికి అందులో కరెంటు పారదు. అప్పుడూ ఇన్సులేటరే, ఇప్పుడూ ఇన్సులేటరే.

లెక్కలు దండగ అనడం లేదు. ఈ ట్యూబులు ఉండొచ్చని 1994లో ముందు చెప్పింది లెక్కలే, 1995లో ల్యాబ్‌లో తయారయ్యాయి. గొడవంతా చేసేవాళ్లతోనే.

మా ల్యాబ్‌లో ఒక జూనియర్ బోరాన్ నైట్రైడ్ షీట్‌లో ఒక బోరాన్ తీసి కార్బన్ పెట్టాడు. పైన అమోనియా. లెక్క రన్ చేయగానే ఎర్రర్ వచ్చి ఆగిపోయింది. కార్బన్‌కి ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ కదా, మొత్తం బేసి సంఖ్య అయింది. ఇన్‌పుట్‌లో సింగ్లెట్ (ఎలక్ట్రాన్లన్నీ జతలుగా ఉన్నట్టు) అని ఉంది. దాన్ని డబ్లెట్ (ఒకటి ఒంటరిగా ఉన్నట్టు) చేస్తే సరిపోయేది. మనవాడు దాని జోలికి పోకుండా ఛార్జ్‌ని సున్నా నుంచి ప్లస్ ఒకటి చేశాడు. ఎర్రర్ మాయం! "అన్నా, అమోనియా ఎంత గట్టిగా అతుక్కుందో చూడు" అంటూ పరుగెత్తుకొచ్చాడు. అతుక్కోక ఏం చేస్తుంది? ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కార్బన్‌కి అమోనియా నైట్రోజన్ దగ్గరున్న ఎలక్ట్రాన్ల జంట దొరికితే వదులుతుందా? రంగురంగుల ఆర్బిటల్ బొమ్మలతో డ్రాఫ్ట్ కూడా సగం రాసేశాడు. బొమ్మల్లో ఏ లోపమూ కనబడలేదు, ఇన్‌పుట్ ఫైలు తెరిపిస్తేనే బయటపడింది. డబ్లెట్‌తో మళ్లీ చేయిస్తే ఆ బలం చాలావరకు పోయింది. పాపం, మొహం చూడలేకపోయాను.

రివ్యూయర్లయినా పట్టుకుంటారా అంటే, "ఇంకో రెండు ఫంక్షనల్స్‌తో చేయండి" (ఫంక్షనల్ అంటే డీఎఫ్‌టీలో వాడే ఉజ్జాయింపు ఫార్ములా) అంటారు తప్ప ఇన్‌పుట్ ఫైలు పంపమని ఒక్కరూ అడగరు. అవి చేయడానికి క్లస్టర్‌లో (అందరూ పంచుకునే పెద్ద కంప్యూటర్లలో) మనం వారాల తరబడి క్యూలో పడి ఉండాలి.

అసలు గట్టిగా అతుక్కుంటే సెన్సార్‌కి మంచిదని ఎవరు చెప్పారో! అడ్సార్ప్షన్ ఎనర్జీ (అతుక్కున్న అణువుని విడదీయడానికి కావాల్సిన ఎనర్జీ) 1 ఎలక్ట్రాన్ వోల్ట్ ఉందనుకోండి. ఆ అణువు సెకనుకు లక్ష కోట్ల సార్లు తప్పించుకోవాలని చూసినా, గది ఉష్ణోగ్రతలో విడిపోవడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అంతసేపూ సెన్సార్ ఇరుక్కుపోయినట్టే. అదే 0.5 అయితే మిల్లీసెకను కూడా నిలవదు. ఈ లెక్కకి క్లస్టర్ అక్కర్లేదు, ఫోన్‌లో కాల్క్యులేటర్ చాలు.