ముందు లోతు తేల్చుకో, వెలుగు తర్వాత

చిరంజీవి బుజ్జికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ముఖం దగ్గరగా తీసినదాంట్లో ముక్కు కొస షార్ప్‌గా ఉంది, కళ్లు మసకబారాయి. లెన్స్ పాడైందని టెన్షన్ పడకు. అపెర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచి, మరీ దగ్గరికి వెళ్లావు, అంతే.

ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి (35 ఎం.ఎం. ఫిల్మంత సెన్సర్ ఉన్నదానికి) 50 ఎం.ఎం. లెన్స్ పెట్టి, అపెర్చర్ అంకె ఎఫ్ 2లో రెండు మీటర్ల నుంచి తీస్తే ముందు నుంచి వెనక్కి స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 19 సెంటీమీటర్లు. ఒక మీటరుకి జరిగితే 5 సెంటీమీటర్లే! దూరం సగమైతే లోతు పావువంతుకి పడిపోతుందన్నమాట. రెండు మీటర్ల దగ్గరే నిలబడి ఎఫ్ 8 పెడితే 80 సెంటీమీటర్ల దాకా వస్తుంది. అందరూ అపెర్చరే తిప్పమంటారు. నేనైతే ముందు ఒక అడుగు వెనక్కి వెయ్యమంటాను.

ఎఫ్ పక్కన అంకె పెరిగితే రంధ్రం ఎందుకు చిన్నదవుతుందని అడిగావు కదా. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద రాసే ఎం.ఎం.) రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 50 ఎం.ఎం. లెన్స్‌లో ఎఫ్ 2 అంటే 25 మిల్లీమీటర్లు, ఎఫ్ 8 అంటే సుమారు 6. 2, 2.8, 4, 5.6, 8... ఒక్కో మెట్టుకీ వెలుగు సగమవుతుంది. ఎఫ్ 2 నుంచి ఎఫ్ 8కి నాలుగు మెట్లు దిగితే పదహారో వంతే మిగులుతుంది. ఎండలో ఇబ్బంది లేదు, షటర్ తెరిచి ఉండే సమయాన్ని 1/2000 సెకను నుంచి 1/125కి తెస్తే లెక్క సరిపోతుంది. గదిలో ఎఫ్ 2కి 1/125 పెట్టినచోట ఎఫ్ 8కి 1/8 కావాలి, చెయ్యి వణుకు ఫొటోలో పడిపోతుంది. అప్పుడు షటర్ కదపకుండా ఐఎస్ఓని (కెమెరా వెలుగుకి స్పందించే స్థాయిని) 100 నుంచి 1600కి పెంచు. కాస్త నాయిస్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, వచ్చినా ఫర్వాలేదు, షేక్ అయిన ఫొటోని ఎవరూ బాగుచెయ్యలేరు.

తెల్లబట్టలు బూడిదరంగులో రావడం నీ తప్పు కాదు. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ దేన్ని చూసినా మధ్యస్థ బూడిదరంగే అనుకుంటుంది. తెలుపు ఎక్కువుంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కని ఎక్కువ తక్కువ చేసే సెట్టింగ్) ప్లస్ 1కి జరుపు, నలుపు ఎక్కువుంటే మైనస్ వైపు. హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుగు చూపే గ్రాఫ్) మాత్రం కుడి అంచుని గుద్దుకోకూడదు.

ఈ ఆదివారం ఒకే మనిషిని, ఒకేచోట నిలబెట్టి ఎఫ్ 2, 4, 8లలో తియ్యి. ప్రతిసారీ షటర్ మార్చి వెలుగు సమానంగా ఉంచు. ఫోకస్ నీకు దగ్గరగా ఉన్న కంటి మీదే పెట్టు. ఆ మూడూ నాకు పంపు.

నీ పెదనాన్న