వరంగల్ నుంచి కార్లే లేని కొండ ఊరికి వేసవిలో కుటుంబంతో వెళ్ళడం కుదురుతుందా?

కుదురుతుంది, మహారాష్ట్రలోని మాథేరాన్‌లో కార్లను, బైకులను ఊళ్ళోకి రానివ్వరు, పైగా వరంగల్ నుంచి అక్కడిదాకా రైళ్ళ మీదే చేరుకోవచ్చు.

పశ్చిమ కనుమల్లో సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరిని కేంద్ర ప్రభుత్వం 2003లో పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతంగా ప్రకటించింది. పర్యాటకుల వాహనాలన్నీ దస్తూరి నాకా దగ్గరే ఆగిపోతాయి. ఆపైన నడక, గుర్రం, ఈమధ్య కొన్ని ఈ-రిక్షాలు.

ఉదాహరణకు, నాయనమ్మనూ ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకొని బయలుదేరే కుటుంబం వరంగల్‌లో గానీ కాజీపేటలో గానీ కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కళ్యాణ్‌లో దిగి, లోకల్ రైల్లో నేరల్ చేరి, అక్కడ 1907 నాటి బుల్లి రైలు మార్గంలో సుమారు 21 కిలోమీటర్లు కొండ ఎక్కవచ్చు. వానాకాలంలో ఆ రైలు నేరల్ నుంచి నడవదు కనుక జూన్ రాకముందే వెళ్ళిరావడం మేలు. ఎర్రమట్టి, రాళ్ళు కలిసిన ఆ బాటల మీద చక్రాల సూట్‌కేసు సరిగా దొర్లదు. భుజానికి తగిలించుకొనే సంచులే నయం.

కొండ ఊరు అనగానే మే నెలలోనూ స్వెట్టర్లు కావాలని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. ఎత్తు 1000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మాథేరాన్ వరంగల్ కంటే సుమారు 500 మీటర్లే ఎత్తు కాబట్టి, ఎత్తు వల్ల తగ్గేది మూడు డిగ్రీలకు కాస్త పైమాటే. మిగతా హాయి దట్టమైన చెట్ల నీడ వల్ల, దగ్గర్లోని సముద్రం వల్ల వచ్చేది. మధ్యాహ్నం మాత్రం అక్కడా చెమట తప్పదు.