64 వస్తే డిస్కు పోయినట్టేనా?

ప్రశ్న: ఇంట్లో ఉబుంటుతో నడిచే చిన్న ఫైల్ సర్వర్ ఉంది. రెండు హార్డ్‌డిస్కుల వేడిని గంటకోసారి రాసిపెట్టేలా పైథాన్‌లో స్క్రిప్ట్ రాశాను. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌ను ఓఎస్.సిస్టమ్‌తో నడిపితే వివరాలన్నీ తెర మీద పడుతున్నాయి గానీ వేరియబుల్‌లో సున్నాయే ఉంటోంది. సబ్‌ప్రాసెస్‌కు మారాక ఒక డిస్కు బాగానే చూపిస్తోంది, రెండోదాని దగ్గర 64 అంటూ స్క్రిప్ట్ ఆగిపోతోంది. చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెడితే అసలేమీ రావడం లేదు.

జవాబు: ఓఎస్.సిస్టమ్ మీకిచ్చేది కమాండ్ ఎలా ముగిసిందో చెప్పే అంకె, అది రాసిన మాటలు కాదు. రెండో డిస్కును అలాగే నడిపి ఉంటే 16384 వచ్చేది. అంటే 64 ఇంటూ 256. సబ్‌ప్రాసెస్.రన్‌కు మారి మంచిపని చేశారు. దానికి క్యాప్చర్_అవుట్‌పుట్, టెక్స్ట్ రెండూ ట్రూ అని ఇవ్వండి (పైథాన్ 3.7 నుంచి ఉన్నాయి). కమాండ్‌ను ఒకే వాక్యంలా కాకుండా లిస్టుగా, ముక్క ముక్కకూ విడివిడి కోట్స్‌తో రాయాలి. లేకపోతే ఖాళీలతో సహా ఆ పొడుగు పేరున్న ప్రోగ్రామ్ కోసం వెతికి, దొరకలేదంటుంది.

స్క్రిప్ట్ ఆగడానికి కారణం మీరు పెట్టిన చెక్=ట్రూ. ముగింపు కోడ్ సున్నా కాకపోతే అది ఎక్సెప్షన్ లేపుతుంది. స్మార్ట్‌సీటీఎల్ కోడ్ మాత్రం బాగుందా లేదా అని ఒక్క మాటలో తేల్చేది కాదు, ఎనిమిది బిట్ల పట్టిక, ఒక్కో బిట్‌ది ఒక్కో అర్థం. 1 వస్తే ఆప్షన్లు తప్పు. 2 వస్తే డిస్కు తెరుచుకోలేదు. 4 వస్తే డిస్కుకు పంపిన ఏదో ఒక స్మార్ట్ కమాండ్ విఫలమైంది. యూఎస్‌బీ డబ్బాల్లో పెట్టిన డిస్కులతో ఇది మామూలే. 8 వస్తే డిస్కు పోతున్నానని తనే చెబుతోంది, ఆ రోజే బ్యాకప్ తీయండి. 64 అంటే ఎర్రర్ లాగ్‌లో ఏదో నమోదై ఉందని. ఎప్పుడో కేబుల్ వదులైనప్పుడు పడ్డ ఎర్రర్ కూడా అక్కడ ఉండిపోతుంది, కాబట్టి ఒక్క 64తో కంగారు పడక్కర్లేదు. స్మార్ట్‌సీటీఎల్ చూపే పట్టికలో 5, 197, 198 నంబర్ల (పాడైన, అనుమానమున్న సెక్టార్ల లెక్కలు) రా విలువలు పెరుగుతున్నాయేమో చూడండి. కోడ్‌లు కలిసి కూడా వస్తాయి: 72 అంటే 64, 8 రెండూ. అందుకే చెక్ తీసేసి, రిటర్న్‌కోడ్‌ను 8తో బిట్‌వైజ్ అండ్ (&) చేసి, అందులో 8 ఉందా అని విడిగా పరీక్షించండి.

వేడి కోసం పేజీ అంతా స్ప్లిట్‌తో కోసుకుంటూ కూర్చోవద్దు. స్మార్ట్‌సీటీఎల్ 7.0 నుంచి జేసన్ (ప్రోగ్రామ్‌లు సులువుగా చదివే రూపం) ఇస్తుంది: హైఫన్ పెద్ద ఏ, హైఫన్ చిన్న జె. జేసన్.లోడ్స్ చేశాక టెంపరేచర్ కింద కరెంట్ అన్నచోట అంకె సిద్ధంగా ఉంటుంది. డిస్కును ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పిలవకండి, రీబూట్‌కు అవి తారుమారు కావచ్చు. /డెవ్/డిస్క్/బై-ఐడీ కింద ఉన్న పేరు వాడండి.

క్రాన్ సంగతి. దానికి తెలిసిన దారులు /యూఎస్ఆర్/బిన్, /బిన్ మాత్రమే. స్మార్ట్‌సీటీఎల్ ఉండేది /యూఎస్ఆర్/ఎస్‌బిన్‌లో. పూర్తి పాత్ రాయండి. పైగా రూట్ (అడ్మిన్) అనుమతి కావాలి, కాబట్టి మీ క్రాన్‌ట్యాబ్‌లో (క్రాన్ పనుల జాబితా) కాక రూట్ క్రాన్‌ట్యాబ్‌లో పెట్టండి. అనుమతి లేదన్న సందేశం ఎర్రర్ల కోసం విడిగా ఉండే ఎస్‌టీడీఎర్రర్‌లో రాదు, మామూలు అవుట్‌పుట్‌లోనే వస్తుంది. అక్కడ వెతకక చాలామంది దెబ్బతింటారు.

టైమవుట్ 30 సెకన్లు పెట్టండి, కానీ పూర్తిగా నమ్మకండి. గడువు దాటితే పైథాన్ ఆ ప్రాసెస్‌ను చంపి, అది పోయేదాకా ఎదురుచూస్తుంది. డిస్కు జవాబివ్వక కెర్నెల్‌లోనే ఇరుక్కున్న ప్రాసెస్ చావదు, దాంతోపాటు మీ స్క్రిప్టూ నిలబడిపోతుంది. గంటగంటకూ ఇంకొకటి వచ్చి చేరకుండా క్రాన్ లైన్‌లో ముందు ఎఫ్‌లాక్ హైఫన్ ఎన్ పెట్టండి (ఒకటి నడుస్తుండగా రెండోదాన్ని మొదలవనివ్వదు).

ప్రశ్న: రాస్‌బెర్రీ పైలో, బోర్డు వేగం తగ్గించుకుందా అని చెప్పే వీసీజెన్‌కమాండ్ గెట్_త్రాటిల్డ్ 0ఎక్స్50000 చూపిస్తోంది. వేడేమో 48 డిగ్రీలే.

జవాబు: అది ఇప్పటి సంగతి కాదు. 16, 18 బిట్లు వెలిగాయి: బూట్ అయ్యాక ఎప్పుడో వోల్టేజ్ పడిపోయింది, వేగమూ తగ్గింది. రీబూట్ దాకా ఆ గుర్తులు పోవు. ముందుగా అడాప్టర్, కేబుల్ మార్చి చూడండి. స్క్రిప్ట్‌లో ఈక్వల్స్ గుర్తు దగ్గర విడగొట్టి, రెండో ముక్కను ఇంట్‌కు బేస్ 16తో ఇస్తే చాలు. చివరి కొత్త లైన్‌ను అదే వదిలేస్తుంది. వేడి చెప్పే మెజర్_టెంప్‌కు మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. అంకె వెనక కోట్ గుర్తు, సీ అక్షరం అంటుకుని ఉంటాయి, ముందు వాటిని తీసేయాలి.