డెంగీకి 16 రోజులు సరే, మిగతా 26 రోజుల సంగతేంటి?

ప్రశ్న: నమస్తే అండీ. మా అమ్మాయి సీబీఎస్‌ఈలో 12వ తరగతి చదువుతోంది. నీట్ రాయాలని తన కోరిక. ఆగస్టులో డెంగీ వచ్చి ఆస్పత్రిలో చేర్చాం. అప్పుడు 16 రోజులు స్కూల్ పోయింది. తర్వాత కూడా నీరసమని, జుట్టు ఊడిపోతోందని, ఇంట్లోనే చదువుకుంటానని తరచూ మానేస్తూ వచ్చింది. అక్టోబరు ఆఖరుకి స్కూల్ 128 రోజులు జరిగితే తను వెళ్లింది 86 రోజులే. హాజరు 67 శాతమే ఉందని స్కూల్ నుంచి నోటీసు వచ్చింది. 75 శాతం లేకపోతే బోర్డు పరీక్ష రాయనివ్వరని అంటున్నారు. మావారేమో తెలిసిన డాక్టర్ దగ్గర మొత్తం 42 రోజులకూ సర్టిఫికెట్ తీసుకుందాం, నీట్ కోచింగ్ ఉంటే చాలు, స్కూల్‌తో పనేముంది అంటున్నారు. నాకు భయంగా ఉంది. నీట్ అర్హత కూడా పోతుందా? ఏం చేయమంటారు?

జవాబు: ముందు కాస్త ఊపిరి పీల్చుకోండమ్మా. పరిస్థితి చేయి దాటిపోలేదు. అయితే నవంబరు, డిసెంబరు నెలలు ఎలా గడుస్తాయన్న దాని మీదే అంతా ఉంది.

లెక్క చూద్దాం. బోర్డు పరీక్షలు ఫిబ్రవరిలో మొదలవుతాయి కాబట్టి హాజరును జనవరి 1 వరకు లెక్కిస్తారు. స్కూల్ క్యాలెండర్ తీసి అప్పటిదాకా ఇంకా ఎన్ని పనిదినాలు ఉన్నాయో లెక్కపెట్టండి. 44 రోజులు ఉన్నాయనుకుందాం. అప్పుడు మొత్తం 172 రోజులు. అందులో 75 శాతం అంటే 129. అమ్మాయికి ఇప్పటికే 86 ఉన్నాయి, ఇంకా 43 కావాలి. అంటే ఇక మీదట ఒక్క రోజు మానినా గట్టెక్కుతుంది, రెండో రోజు మానితే 75 కిందికి పోతుంది. 5 రోజులు మానితే 72.7 శాతం. ఇప్పటిలాగే రోజు విడిచి రోజు వెళితే 63 దగ్గర ఆగుతుంది. కోచింగే చాలని పూర్తిగా మానేస్తే సరిగ్గా 50 శాతం.

ఈ అంకెలు ఎందుకు ముఖ్యమంటే, బోర్డు నిబంధనల్లో 75 ఒక్కటే గీత కాదు, 60 ఇంకో గీత. 60కి, 75కి మధ్య ఉన్నవాళ్ల విషయంలో సరైన కారణం ఉంటే లోటును మన్నించే వీలుంది. దీన్నే స్కూళ్లలో కండొనేషన్ అంటారు. ఎక్కువ కాలం అనారోగ్యం, తల్లినో తండ్రినో పోగొట్టుకోవడం, అనుమతితో ఆటల పోటీలకో ఎన్‌సీసీ క్యాంపులకో వెళ్లడం వంటివి ఆ కారణాల్లోకి వస్తాయి. 60 కన్నా తగ్గితే మాత్రం క్యాన్సర్, క్షయ లాంటి తీవ్రమైన జబ్బుతో చాలా కాలం ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చినవాళ్ల సంగతే చూస్తారు. కాబట్టి మీ అమ్మాయి ఏం చేసినా ఆ 60 దరిదాపులకు వెళ్లకూడదు.

ఇక సర్టిఫికెట్ సంగతి. దయచేసి ఆ పని చేయకండి. తప్పు అన్నది ఎటూ ఉంది. దానికి తోడు, అది మీ అమ్మాయికి ఉన్న ఒకే ఒక బలాన్ని పోగొడుతుంది. డెంగీ 16 రోజులకు మీ దగ్గర నిజమైన కాగితాలు ఉండి ఉండాలి. ఆస్పత్రిలో చేరిన తేదీ, రక్తపరీక్షల రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయేవే. 172లో 16 రోజులంటే 9 శాతం పైనే. రేపు అమ్మాయికి 72 శాతం వచ్చినా, ఆ లోటు పూర్తిగా జబ్బు వల్లే వచ్చిందని ప్రిన్సిపల్ గుండె మీద చెయ్యేసుకుని రాయగలరు. మిగతా 26 రోజులకు మీరు అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేదు.

అదే 42 రోజులకూ కలిపి ఒక సర్టిఫికెట్ పెట్టారనుకోండి. ఆ తేదీల మధ్యలో అమ్మాయి స్కూల్‌కి వెళ్లిన రోజులు రిజిస్టర్‌లో ఉన్నాయి. ల్యాబ్‌కి వెళ్లి ఉండొచ్చు, యూనిట్ టెస్ట్ రాసి ఉండొచ్చు. కోచింగ్‌లో ఆదివారం పరీక్ష రాసిన మార్కులు ఫోన్‌లో ఉన్నాయి. ఇలాంటిదే ఒక అబ్బాయి విషయంలో నేను దగ్గరగా చూశాను. అతనికి నిజంగానే కామెర్లు వచ్చాయి, మూడు వారాలు మంచం మీద ఉన్నాడు. ఇంట్లోవాళ్లు ఇంకో నెల కలిపి సర్టిఫికెట్ తెచ్చారు. ‘పూర్తి విశ్రాంతి’ అని రాసిన వారంలోనే అతను స్కూల్ తరఫున క్విజ్ పోటీలో కూర్చున్నాడు, ఫోటో నోటీసు బోర్డు మీదే ఉంది. దాంతో కామెర్ల కాగితాలను కూడా ఎవరూ నమ్మలేదు. ఆ పిల్లవాడు నా ఎదురుగా కూర్చుని, ‘నాకు నిజంగానే జబ్బు చేసింది సార్’ అని ఏడ్చాడు. అది నేను ఇప్పటికీ మరచిపోలేదు.

చేయాల్సింది వేరే ఉంది. మీరిద్దరూ కలిసి రేపే స్కూల్‌కి వెళ్లండి. ముందు క్లాస్ టీచర్‌ని కలిసి, ఆ తర్వాత ప్రిన్సిపల్‌ని కలవండి. డెంగీ రోజులకు అప్పట్లో సెలవు చీటీ ఇచ్చారో లేదో మీ ఉత్తరంలో లేదు. ఫోన్‌లో చెప్పి ఊరుకుని ఉంటే ఇప్పుడైనా రాసి ఇవ్వండి, ఆలస్యమైందని అందులోనే ఒప్పుకోండి. సెలవు పెట్టినప్పుడే రాతపూర్వకంగా, కాగితాలతో సహా స్కూల్‌కి తెలియజేయాలని బోర్డు గట్టిగా చెబుతోంది. కాగితాలన్నీ జిరాక్స్ తీసి ఒక సెట్ ఇచ్చి, మీ కాపీ మీద అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. కండొనేషన్‌కి తల్లిదండ్రులు నేరుగా బోర్డుకి దరఖాస్తు పెట్టుకోలేరు. ప్రిన్సిపల్ తన సిఫారసుతో పంపాలి. దానికి మీ అభ్యర్థన లేఖ, మెడికల్ రిపోర్టులు, హాజరు వివరాలు జతచేస్తారు. ప్రభుత్వ వైద్యుడి సర్టిఫికెట్ అడుగుతారు కాబట్టి, ప్రైవేటు ఆస్పత్రిలో చూపించి ఉంటే ఆ రిపోర్టులు పట్టుకుని ప్రభుత్వ ఆస్పత్రికి ఇప్పుడే వెళ్లండి. ప్రిన్సిపల్ వీటన్నిటినీ బోర్డుకి పంపేది జనవరి మొదటి వారంలో. డిసెంబరు చివర్లో హడావిడి పడితే ప్రిన్సిపల్ కూడా ఏమీ చేయలేరు.

మీవారి మాటకు వస్తాను. ఆయన ఆందోళన అర్థమవుతుంది. నీట్‌కి చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ మాట రోజూ వింటున్నాను. కానీ స్కూల్‌లో పేరు, కోచింగ్‌లో మనిషి అనే పద్ధతిని సీబీఎస్‌ఈ ఇప్పుడు చూసీచూడనట్టు వదిలేయడం లేదు. 2024 సెప్టెంబరులో రాజస్థాన్, ఢిల్లీలలో ఆకస్మిక తనిఖీలు చేసి, నవంబరులో 21 స్కూళ్ల గుర్తింపు రద్దు చేసింది. డమ్మీ స్కూళ్లంటే అవే. మీ అమ్మాయి చదివేది అలాంటి స్కూల్ కాదు, నోటీసు పంపిందంటేనే అది తెలుస్తోంది. ఆ నోటీసు మీ మీద కోపంతో పంపింది కాదు. ఇంకా సమయం ఉండగా పంపారు, అందుకు సంతోషించాలి.

ఇంకో సంగతి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో ఒక్కోదానికి 30 మార్కుల ప్రాక్టికల్స్ ఉంటాయి. మొత్తం 90 మార్కులు. ఆ ప్రయోగాలు చేసేది, రికార్డు రాసేది స్కూల్ ల్యాబ్‌లోనే. కోచింగ్ సెంటర్‌లో ఆ 90 మార్కులు దొరకవు. నీట్ అర్హత గురించి అడిగారు కదా. నీట్‌కి హాజరు శాతంతో సంబంధం లేదు. 12వ తరగతి పాసై, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడింటిలో కలిపి జనరల్ విభాగానికి 50 శాతం, రిజర్వుడు విభాగాలకు 40 శాతం మార్కులు రావాలి. 75 శాతం మార్కులు ఉండాలన్న మాట కూడా ఎక్కడైనా విని ఉంటే, ఆ నిబంధన ఇంజినీరింగ్ వాళ్లది, జేఈఈ ద్వారా ఎన్‌ఐటీల్లో చేరేవారికి. చాలామంది ఈ రెండు 75లను కలిపేసుకుని అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. అయితే బోర్డు పరీక్షే రాయలేకపోతే 12వ తరగతి పాసవడం కుదరదు, అప్పుడు నీట్‌లో ఎన్ని మార్కులు వచ్చినా ఉపయోగం ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరంలో నన్ను ఆపింది డెంగీ కాదు, ఆ తర్వాతి 26 రోజులు. మీరు వాటిని ఒక్క వాక్యంలో దాటేశారు. నీరసం, జుట్టు ఊడటం, ఇంట్లో చదువుకుంటాననడం. డెంగీ తర్వాత కొన్ని వారాలు నీరసం ఉండటం మామూలే. పెద్ద జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు గుత్తులుగా ఊడటం కూడా చాలామందికి జరుగుతుంది, మళ్లీ వస్తుంది. కానీ 17 ఏళ్ల అమ్మాయికి అది చిన్న విషయం కాదమ్మా. దువ్వెన నిండా జుట్టు చూసుకుని, పలచబడిన జడతో క్లాసులోకి వెళ్లాలంటే ఎంత కష్టంగా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ‘జుట్టుదేముంది, చదువు చూడు’ అని ఇంట్లో ఎవరైనా అని ఉంటే ఆ మాట వెనక్కి తీసుకోండి. ఒకసారి చర్మ వైద్యుడికి చూపించండి. తన బాధను పట్టించుకున్నారని తెలిస్తేనే సగం ధైర్యం వస్తుంది.

దీని వెనక ఇంకోటి ఉండొచ్చు. 16 రోజుల తర్వాత తిరిగి వెళ్లేసరికి పాఠాలు చాలా ముందుకు జరిగిపోయి ఉంటాయి. బోర్డు మీద ఏం రాస్తున్నారో అర్థం కాదు. మొదటి బెంచీలో కూర్చునే పిల్లకు అది తల కొట్టేసినట్టుంటుంది. అందుకే ఇవాళ ఇంట్లో చదువుకుని రేపు వెళతానంటుంది. రేపటికి ఇంకో పాఠం అయిపోతుంది. మానిన ప్రతి రోజూ మర్నాటి గడపను ఇంకాస్త ఎత్తు చేస్తుంది. దీన్ని బద్ధకం అనకండి. నా దగ్గరికి వచ్చే హాజరు సమస్యల్లో బద్ధకం కన్నా భయమే ఎక్కువ. క్లాసులో ఎవరైనా ఏదైనా అన్నారేమో, స్నేహితురాళ్లు దూరమయ్యారేమో కూడా కనుక్కోండి. అడిగేటప్పుడు ‘ఎందుకు వెళ్లవు’ అని కాకుండా, ‘స్కూల్‌లో రోజంతటిలో నీకు బాగా కష్టంగా అనిపించే సమయం ఏది’ అని అడగండి. సాయంత్రం ఇద్దరే ఉన్నప్పుడు, నాన్నగారు లేని సమయంలో అడిగితే మంచిది. వెంటనే జవాబు రాకపోతే ఊరుకోండి, మర్నాడు తనే చెబుతుంది.

తను చెప్పినదాన్ని బట్టి క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. వెనకబడిన పాఠాలకు నోట్సు ఎవరి దగ్గర తీసుకోవాలి, మొదటి రెండు వారాలు క్లాసులో లేపి ప్రశ్నలు అడగకుండా ఉండగలరా, బాగా నీరసంగా ఉన్న పూట కాసేపు సిక్ రూంలో కూర్చోనిస్తారా అని అడగండి. రోజంతా స్కూల్‌లోనే ఉంటూ ఒక పీరియడ్ విశ్రాంతి తీసుకోవడం వేరు, ఇంట్లో ఉండిపోవడం వేరు. చాలామంది టీచర్లు ఇలాంటివి కాదనరు. వాళ్లకు అసలు విషయం తెలియకపోవడమే ఇబ్బంది. ఈ రెండు నెలలు కోచింగ్ గంటలు కూడా కొంచెం తగ్గించమని చెప్పండి. ఉదయం స్కూల్, సాయంత్రం కోచింగ్, రాత్రి టెస్టు అంటే ఇప్పుడే కోలుకుంటున్న ఒళ్లు తట్టుకోదు, మళ్లీ మానేసే రోజులు వస్తాయి.

హాజరు లెక్క చీటీని ఫ్రిజ్ మీద అంటించి రోజూ గుర్తుచేయవద్దు. 43 రోజులు అన్న అంకె మీ దగ్గర ఉంచుకోండి, అమ్మాయికి ఈ వారం వెళ్లాల్సిన రోజుల గురించి మాత్రమే చెప్పండి. సోమవారం టైంటేబుల్‌లో మొదటి పీరియడ్ ఏమిటో తనని అడగండి. అది తను వెనకబడిన సబ్జెక్టే అయితే, ఆదివారం ఒక గంట ఆ పాఠం తెలిసిన స్నేహితురాలిని ఇంటికి పిలవండి. సోమవారం వీలైతే మీరే స్కూల్ దాకా వెళ్లి దింపి రండి.