ఏంజెల్ చేపను పెంచబోతున్న మేనకోడలికి

చిరంజీవి సుజాతకు మామయ్య ఆశీస్సులు.

అమలాపురం ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి ఎంపరర్ ఏంజెల్ చేపను పెంచబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. రొయ్యపిల్లల హేచరీలో తలపండినవాడి మేనకోడలివి అనిపించావు. ఆ రాత్రి నాకు నిద్ర మాత్రం పట్టలేదు.

ఫిల్టరు, లైటు సంగతి దుకాణంవాళ్లు చెబుతారు. చేపను వేసే ముందు నెలకు పైగా నీటిని తిరగనివ్వు, చేప విసర్జించే విషపు అమోనియాను అణచే బాక్టీరియా కుదురుకోవాలి. తొట్టెలో పెట్టుకోమని ఎవరైనా పగడాలు అమ్మజూపితే కొనకు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.

నా భయమంతా నీళ్ల గురించే. ఓడలరేవు సముద్రం దగ్గరే కదా, నీళ్లు డ్రముల్లో తెచ్చుకోమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నాకు పని నేర్పిన పెద్దాయన అదే చేశారు. శ్రావణమాసం, గోదావరికి వరద. వైనతేయ పాయ సముద్రంలో కలిసే మొగ పక్కన పట్టిన నీళ్లను రాత్రంతా కదపకుండా ఉంచారు. తెల్లారేసరికి ఒండ్రు అడుగుకు దిగి, పైన కొబ్బరినీళ్లలా తేట! నాలుక మీద వేసుకుంటే ఉప్పగానే ఉంది. వద్దండీ, ఒకసారి కొలుద్దాం అన్నాను. ఉప్పు ఉప్పే కదా అని తన చేప తొట్టెలో సగం నీళ్లు మార్చేశారు. సాయంత్రానికి చేప ఒక మూలకు ఒరిగి, మొప్పలు గబగబా ఆడిస్తోంది. అప్పుడు ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో ఆ తెచ్చిన నీటి చుక్క వేసి చూస్తే ఉప్పు వెయ్యికి 20 పాళ్లయినా లేదు. చేపకు 35 దగ్గర ఉండాలి. మర్నాటికి పోయింది. ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు.

వానాకాలంలో మన తీరపు సముద్రంలో గోదావరి నీరు బాగా కలుస్తుంది, తల్లీ. ఒండ్రు కమ్మితే పగడానికి వెలుతురు అందదు, మంచినీటికి అది ఓర్వలేదు. అందుకే ఇక్కడ పగడపు దిబ్బలు లేవు. ఈ చేప అండమాన్, లక్షద్వీప్ తేట నీళ్లలో, దిబ్బల గుహల్లో స్పాంజీలు కొరుక్కుంటూ బతికేది. 1986 వరద చూసినవాణ్ణి, ఆ నీటిని నేను నమ్మను. అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు ప్యాకెట్లు కొని, శుద్ధి చేసిన నీటిలో కలిపి, ప్రతిసారీ కొలువు. బద్ధకించావంటే ఊరుకోను.

నల్లని నీలం మీద తెల్లని వలయాలున్న ఆ చేపపిల్లను చూసి చిన్న తొట్టె కొనేవు! పెరిగితే పసుపు, నీలం చారలతో అడుగు దాటుతుంది. దవడ పక్కన ముల్లుంటుంది, వలతో పడితే చిక్కుకుంటుంది. గిన్నెతో నీళ్లతో సహా తీయి. దుకాణంలో మేత వేయించి, తింటేనే డబ్బు కట్టు.

నా రిఫ్రాక్టోమీటరు మీ నాన్నతో పంపిస్తాను. వాడే ముందు స్వేదనజలంతో సున్నాకు సరిచూసుకో.

ఇట్లు,
మీ మామయ్య