అన్నయ్యతో మాటల్లేవు, అమ్మ ఊరుకోమంటోంది

ప్రశ్న: మాది ప్రార్థనాపరుల కుటుంబం. కొంతకాలంగా మా అన్నయ్య కుటుంబం గ్రూపులో వలస వచ్చినవాళ్ళని ఎగతాళి చేసే మెసేజ్‌లు ఫార్వర్డ్ చేస్తున్నాడు. ఒకదాంట్లో వాళ్ళని ‘చీడ’ అని రాశారు. అలాంటి కుటుంబం ఒకటి మా సంఘంలోనే ఉంది, ఆదివారం మా వెనక వరసలో కూర్చుంటారు. ఉండబట్టలేక గ్రూపులోనే గట్టిగా జవాబిచ్చాను. మాటా మాటా పెరిగింది. ‘నీకు దేవుడికంటే రాజకీయాలు ఎక్కువైపోయాయి’ అన్నాడు. అప్పట్నుంచి మాటల్లేవు. ‘క్రైస్తవులం, క్షమించి ఊరుకోవాలి’ అంటోంది అమ్మ. వచ్చే నెల నాన్నగారి జ్ఞాపకార్థ కూడిక. వెళ్ళబుద్ధి కావడం లేదు. ఊరుకోవడమేనా ప్రేమంటే?

జవాబు:

సహోదరీ, మీ అన్నయ్యగారి మాటకంటే మీ అమ్మగారి మాట గురించే నేను ఎక్కువ ఆలోచించాను. క్షమించడమూ ఊరుకోవడమూ ఒకటే అన్నట్టు మన ఇళ్ళలో చెప్పేస్తుంటాం. బైబిల్ మాత్రం అలా చెప్పదు. లేవీయకాండము 19వ అధ్యాయం తీసి చూడండి. ‘నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను’ అనేది 18వ వచనం, ఆదివారపు బడి పిల్లలకి కూడా కంఠతా వచ్చు. దానికి సరిగ్గా పైన ఉన్న 17వ వచనం మీద ప్రసంగం వినడమే అరుదు. సహోదరుడి మీద మనసులో పగ పెట్టుకోవద్దు, అతణ్ణి తప్పక గద్దించు అంటుంది అది. ఇంకాస్త కిందికి వస్తే, 34వ వచనంలో, మీ మధ్య నివసించే పరదేశిని కూడా మీవాడిలాగే ప్రేమించండి, ఐగుప్తులో మీరూ పరదేశులుగా ఉన్నవాళ్ళే కదా అని ఉంది. మీ ఇంటి తగాదా మొత్తం ఆ ఒక్క అధ్యాయంలో పట్టేసింది. మీ అన్నయ్యని గద్దించినందుకు మీ విశ్వాసానికి వచ్చిన లోటేమీ లేదు.

ఇక ఎలా గద్దించారన్నది. ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమని మత్తయి 18:15 అంటుంది కాబట్టి గ్రూపులో జవాబివ్వడమే తప్పని ఎవరైనా మీతో అనొచ్చు. నేను ఒప్పుకోను. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కాని విశ్వాసులతో, కలిసి భోంచేస్తూ, యెరూషలేము నుంచి కొందరు యూదులు రాగానే భయపడి పక్కకి తప్పుకున్నప్పుడు పౌలు అందరి ఎదుటే అడిగేశాడు (గలతీ 2). చిన్నచూపు అందరి ముందూ జరిగింది, దెబ్బ తిన్నవాళ్ళూ అక్కడే ఉన్నారు. మనుషుల్ని చీడ అన్న మెసేజ్ పదిమందీ చూసే చోటికి వచ్చినప్పుడు, ‘ఇది సరికాదు’ అని ఒక్కరైనా అక్కడే అనాలి. ఆ ఒక్క మాటా మీరన్నారు, మంచిదే. కానీ ఉత్తరంలో మీరే రాశారు, మాటా మాటా పెరిగిందని. ఆ పెరిగిన మాటల్లో మెసేజ్ సంగతి ఎంత, అన్నయ్య సంగతి ఎంత? మొదటి జవాబు తర్వాతిదంతా ఫోన్లో మీ ఇద్దరి మధ్యే జరగాల్సింది. చుట్టాలంతా చూస్తుండగా తప్పు ఒప్పుకునే అన్నయ్యలు తక్కువ.

కాబట్టి ఫోన్ చేయండి. గ్రూపులో రాయొద్దు, అమ్మగారితో కబురు పంపొద్దు. వచనాలు పక్కన పెట్టండి, ఆయనకీ వచ్చు అవి. ఇలా మొదలుపెట్టవచ్చు: “అన్నయ్యా, నీతో మాట్లాడకుండా ఉండడం నా వల్ల కావడం లేదు. ఆ మెసేజ్ గురించి నా అభిప్రాయం మారలేదు. చీడ అని రాసింది ఎవరి గురించో వాళ్ళు మా వెనక వరసలోనే కూర్చుంటారు, వాళ్ళ పిల్లల్ని నేను ఎత్తుకున్నాను. నీకు ఏ విషయంలో భయంగా ఉందో చెప్పు, వింటాను.” ఆ చివరి మాట అడిగాక నిజంగానే వినండి. ఉద్యోగాల గురించో, పిల్లల భవిష్యత్తు గురించో ఆయనకి నిజమైన బెంగ ఉండొచ్చు. బెంగని గౌరవించవచ్చు, ఆ తిట్టుని మాత్రం ఒప్పుకోనక్కర్లేదు. ఆయన అరిస్తే, ‘మళ్ళీ చేస్తాను అన్నయ్యా’ అని పెట్టేయండి. నెగ్గుకు రావాలని చూడకండి.

యేసు పన్నెండుమంది శిష్యుల్లో, రోమాకి లోబడిన హేరోదు పాలనలో సుంకం వసూలు చేసిన మత్తయి ఉన్నాడు. ‘జెలోతే’ అని పేరుపడ్డ సీమోనూ ఉన్నాడు. యూదుల మీద రోమా పెత్తనాన్ని సహించని వర్గానికి తర్వాత స్థిరపడిన పేరు అది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో సువార్తలు ఒక్క ముక్క కూడా చెప్పవు (చెప్పి ఉంటే నాలాంటివాళ్ళకి ఈ పని సులువయ్యేది). ఒకే బల్ల దగ్గర కూర్చున్నారని మాత్రం తెలుసు.

అమ్మగారికి ఏం చెప్పాలి? ఆవిడ అడుగుతున్నది ఇంట్లో గొడవ లేకుండా ఉండాలని. అందులో తప్పేమీ లేదు. కానీ దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష కాలపు నేరాల మీద 1996లో సత్య, సమాధాన కమిషన్ విచారణలు మొదలైనప్పుడు, దానికి అధ్యక్షుడిగా కూర్చున్నది క్షమాపణ గురించి జీవితమంతా బోధించిన ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు. అక్కడ కూడా క్షమాభిక్ష కోరినవాళ్ళు తాము చేసింది పూర్తిగా బయటపెట్టాల్సిందే. జరిగిందేమిటో చెప్పకుండా ముందుకు వెళ్ళే దారి వాళ్ళు పెట్టుకోలేదు. ఇదంతా అమ్మగారికి వివరించనక్కర్లేదు. ‘అమ్మా, అన్నయ్యని వదులుకోను. ఆ మాట తప్పని కూడా అంటూనే ఉంటాను’ అంటే చాలు. ఆవిడ్ని ఇద్దరి మధ్యా న్యాయమూర్తిని చేయకండి.

మీ ఉత్తరంలో ఆ వలస కుటుంబం ఒక్క వాక్యంలోనే కనిపించింది. వాళ్ళ కోసం మీరు పోట్లాడారు, వాళ్ళతో ఎప్పుడైనా కూర్చున్నారా? ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వెనక్కి తిరిగి మాట్లాడండి. ఏం కావాలో మీరే ఊహించి చేయకండి, అడగండి. మీ అన్నయ్య గొడవ మాత్రం అక్కడ ఎత్తొద్దు. ఆ బరువు వాళ్ళ మీద పెట్టడం అన్యాయం.

అన్నయ్య మారతాడా అని మీరు అడగలేదు గానీ ఆ ప్రశ్న ఉత్తరమంతా ఉంది. నేను మాటివ్వలేను. యిర్మీయా మాత్రం, బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా, తాను చెరసాల ప్రాకారంలో బందీగా ఉండి కూడా, అనాతోతులో పినతండ్రి కొడుకు పొలాన్ని 17 తులాల వెండి తూచి కొన్నాడు. సాక్షుల్ని పెట్టించి, క్రయపత్రాన్ని మట్టికుండలో భద్రం చేయించాడు (యిర్మీయా 32). పట్టణం పడిపోతుందని చెప్పినవాడే ఆయన, అయినా కొన్నాడు. ఆశ అంటే నాకు అర్థమైనంతలో అదే, కనుచూపు మేరలో ఏమీ లేకపోయినా చేతిలో ఉన్న పని సరిగ్గా చేయడం. మీ చేతిలో ఇప్పుడు ఒక ఫోన్ ఉంది, ఒక కూడిక ఉంది.

కూడికకి వెళ్ళండి. అది నాన్నగారి కోసం. అక్కడ ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, ‘ఆయనా నేనూ ఫోన్లో మాట్లాడుకుంటున్నాం’ అని ఊరుకోండి. పిల్లల ముందు మళ్ళీ ఎవర్నైనా చీడ అంటే మాత్రం, ‘మా పిల్లల ముందు ఆ మాట వద్దు’ అని మెల్లగా చెప్పి వాళ్ళని తీసుకుని వేరే గదిలోకి వెళ్ళండి. ఫోన్ మాత్రం ఈ వారంలోనే చేసేయండి. కూడిక రోజు దాకా ఆగితే ఆ తొలిమాట మళ్ళీ చుట్టాలందరి ముందే జరుగుతుంది.